గాజు పలకల మధ్య పుట్ట

పోలమ్మ ఆ ఇంట్లో కాలుపెట్టి ఆరు నెలలు దాటినా, పిల్లలిద్దరూ ఆమె మొహం చూసి ఒక్క మాట ఆడలేదు. కావలసిందేదైనా తండ్రి చెవిన వేసేవారు. పోలమ్మ గరిటె పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉండేది. అయినా పెద్దది చిట్టెమ్మ, "నాన్నా, సారులో ఉప్పు సాల్లేదని సెప్పు" అనేది. తవిటయ్య కంచంలోంచి తలెత్తి, "ఉప్పు సాల్లేదంట" అనేవాడు. పోలమ్మ ఉప్పు వేసేది. "ఇప్పుడు సాలిందని సెప్పు నాన్నా" అనేది చిన్నది నూకాలు. "సాలిందంట" అనేవాడు తవిటయ్య.

తవిటయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీల వడ్రంగి. పగలంతా రంపాల రొదలో పనిచేసి వచ్చి, ఇంట్లో ఇలా టెలిఫోను పని చేసేవాడు. మొదటి భార్య పచ్చకామెర్లతో పోతే కొన్నాళ్ళు ఒంటిగా నెట్టుకొచ్చాడు. ఆ తరవాత పలాస అవతలి పల్లెనించి, దూరపు చుట్టం పోలమ్మని చేసుకుని తెచ్చుకున్నాడు.

తండ్రి షాపుకి పోయాక పిల్లలు ఎవరితో చెప్పుకోవాలి? చీమలతో చెప్పుకునేవారు.

ఆ చీమల సంగతి చెప్పాలి. తల్లి పోయిన కొత్తలో పిల్లలు ఇంటిపట్టున ఉండేవారు కాదు. రైలు పట్టాల వెంట తిరిగేవారు. బొగ్గు ఇంజన్ల రోజులు. ఏ షంటింగు ఇంజను ఎటు వస్తుందో తెలిసేది కాదు. తవిటయ్యకి షాపులో చెయ్యి ఆడేది కాదు. పక్క లైను క్వార్టర్లో డ్రైవరు రిచర్డ్ గారు ఒక బొమ్మల పుస్తకం తెచ్చి, అందులో చీమల పెట్టె బొమ్మ చూపించి, "తవిటయ్యా, ఇది సేసి పెట్టు, పిల్లలు ఇల్లు కదలరు" అన్నారు. తవిటయ్య గోల్‌బజార్లో రెండు గాజు పలకలు కొన్నాడు. టేకు చట్రం కట్టి, బొటనవేలు పట్టేంత సందు ఉంచి పలకలు బిగించాడు. సందులో ఎర్రమన్ను జల్లించి పోశాడు. పెరట్లో గోడ మొదట్లో తవ్వి, గండుచీమల్ని గుడ్లతో సహా ఎత్తి అందులోకి దింపాడు. అన్నం బీరువా కాళ్ళకి నీళ్ళగిన్నెలు పెట్టినట్టు, చట్రం మొత్తాన్ని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాడు. పైన చెక్కమూత, దానికి దూది కుక్కిన కంత. గాజుకి నల్లగుడ్డ కప్పితే చీమలు చీకటనుకుని పలక పక్కనే దారులు తొలిచేవి. గుడ్డ ఎత్తితే అన్నీ కనపడేవి. గది ఇది, దారి ఇది, గుడ్లు దాచిన చోటు ఇది. పట్టాల మీద తిరుగుడు మానేశారు పిల్లలు.

బడినించి రాగానే గుడ్డ ఎత్తి, మురీ గింజ, అదే మరమరం, ఒకటి కంతలో వేసి, "సీమలూ, మాకు ఆకలేస్తన్నాది" అనేది నూకాలు. పోలమ్మ వంటింట్లోంచి విని కంచాలు పెట్టేది. "సీమలూ, మా పరికిణీ సిరిగిపోనాది" అనేది చిట్టెమ్మ. పోలమ్మ సూదీ దారం తీసేది. తెల్లారేసరికి పరికిణీ కుట్టి దండెం మీద ఉండేది. ఎవరు కుట్టారని ఎవరూ అడిగేవారు కాదు.

పోలమ్మకి అమ్మా అని పిలిపించుకోవాలని లేదు. ఆ ఆశ పెట్టుకోలేదు. తన మొహం చూసి ఒక్క మాట. తిట్టయినా సరే.

పుట్టని ఇంట్లో పెట్టుకోవడం మాత్రం ఆమెకి మొదట్లో భయం వేసింది. ఆమె ఊళ్ళో పుట్ట కనపడితే చెప్పులు విడిచి పక్కకి తప్పుకుంటారు. ఇక్కడేమో కిటికీ పక్కన, పిల్లల పలకా పుస్తకాల సరసన! పొద్దున్నే దీపం పెట్టాక పెట్టె వైపు తిరిగి గుట్టుగా ఒక దణ్ణం పెట్టుకునేది. మధ్యాహ్నాలు ఇల్లంతా ఖాళీ అయితే ఆమే గుడ్డ ఎత్తి చూసేది. చచ్చిన చీమని ఇంకో చీమ మోసుకెళ్ళి ఒక మూల పెట్టడం చూసి, "మీకూ ఒల్లకాడు ఉన్నాదేటి" అనుకునేది.

కార్తీకం వచ్చింది. నాగులచవితికి ముందు ముసురు పట్టింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో ఆ లైన్ల వాళ్ళందరూ ఏటా తాల్‌బగీచా వైపు బీడులో ఉన్న పుట్టకి పోయి పాలు పోసేవారు. ఈసారి బీడు చెరువైపోయింది, పుట్ట కరిగి కూలబడిపోయింది అని కబురు.

పక్కింటి సింహాచలమ్మ గోడమీంచి తల పెట్టి, "ఒలే పోలీ, గోడమీద పసుపుతో పుట్ట గీసుకుని అక్కడే పోసీడమే. దేముడు ఏటంటాడు, ఆయనకీ వానే గదా" అంది.

పోలమ్మకి మనసు ఒప్పలేదు. ఆమె మొక్కు మొక్కుకుంది. నూకాలు చెవి వానలు పట్టిన దగ్గరనించీ చీము కారుతోంది. రైల్వే ఆసుపత్రిలో చుక్కల మందు ఇచ్చారు. పోలమ్మ వెయ్యబోతే నూకాలు తల విదిలించేసేది, చిట్టెమ్మ వేస్తేనే వేయించుకునేది. మందు వెయ్యడానికి లేకపోయింది, మొక్కుకోడానికైనా ఉండాలి గదా. ఆమె ఊరి వైపు చవితినాడు పుట్టకి పాలు పోసి, పుట్టమన్ను పిల్లల చెవులకి పెడతారు. చెవి పోట్లు ఆ మట్టితో పోతాయని నమ్మకం.

పిల్లలు బడికి పోయారు. తవిటయ్య షాపుకి పోయాడు. పోలమ్మ తలంటుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, చిమిలీ చలిమిడీ చేసి పళ్ళెంలో పెట్టింది. పసుపు ముద్ద పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. గీయబోయి ఆగింది.

ఇంట్లో నిజం పుట్ట ఉండగా గోడమీద గీయడమేటి?

ఆ మాట తట్టాక ఇంక ఆమెకి కాళ్ళు నిలవలేదు. పెట్టె చట్రానికి పసుపు రాసింది, బొట్లు పెట్టింది. చెక్కమూత మొత్తం తీసేసింది. చిమిలి కొంచెం పెట్టింది. కోడిగుడ్డు కొట్టి పోసింది. తరవాత పాలు. దేవుడికి చెయ్యి వెనక్కి లాగకూడదు. గ్లాసుడూ పోసింది. "నాగన్నా, మా నూకాలు గుంటకి సెవి నయం సెయ్యి. ఆ గుంట నొప్పి నాను పడతాను" అంది.

పాలు దిగాయి. గాజు వెనక ఒక్కో దారీ తెల్లగా అయిపోతూ వచ్చింది. పోలమ్మ చేతులు జోడించే ఉంది. దేముడు తాగుతున్నాడు అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తరవాత చూసింది. తెల్లటి దారిలో నల్లగా ఏదో తిరుగుతోంది. ఒకటి కాదు. గుడ్డు నోట కరుచుకున్న చీమ పైకి ఎక్కబోయి, పసుపు దగ్గర ఆగి, మళ్ళీ పాలల్లోకి జారింది.

"ఓలమ్మో!" అంది పోలమ్మ.

పళ్ళెంలోంచి పెట్టె ఎత్తి వంచింది. పాలు కొంచెమే వచ్చాయి, దారులన్నీ కూలిపోయాయి. ఇంక లాభం లేదని తవిటయ్య పనిముట్లలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి, ఒక పలక ఊడదీసి, బురదలో చేతులు పెట్టేసింది. గండుచీమలు కదా, బతికున్నవి దొరికిన చోటల్లా పట్టుకున్నాయి. మణికట్లు, వేళ్ళ సందులు. ఆమె విదిలించుకోలేదు. కదలని వాటిని ఏరి, ఎక్కడ పెట్టాలో తెలియక, పండక్కి కట్టుకున్న కొత్త చీర కొంగు నేలమీద పరిచి దాని మీద పెట్టింది.

అరుపు విని సింహాచలమ్మ వచ్చేసింది. చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"పుట్టకి పోసినావా! ఓసి నీ బత్తి కాల, ఇది పుట్టేటే, పిల్లల ఆటబొమ్మే!"

"పుట్టే గదప్పా, సీమలు కట్టిందే గదా."

"సరే, లే. ఆ గుంటలొస్తే పీక్కుతింటారు. పిల్లి వొచ్చి పాలకోసం తోసేసినాదని సెప్పు. నానూ సూసినానని సెప్తాను."

పోలమ్మ ఇంకో చీమని ఏరి కొంగుమీద పెట్టింది. పిల్లి మాట బాగానే ఉంది. బెంగాలీ వాళ్ళ పిల్లి రోజూ వస్తుంది, పాలంటే పడిచస్తుంది, ఎవరూ కాదనరు. ఇన్నాళ్ళూ మాటలు లేకపోయినా పరికిణీ కుట్టించుకున్నారు, అన్నం తిన్నారు. ఇది తెలిస్తే అదీ పోతుంది.

ముసురు మళ్ళీ పట్టేలా ఉందని బడి తొందరగా వదిలేశారు. పిల్లలు గుమ్మంలో నిలబడ్డారు. ఊడిన పలక, పాల బురద, నేలమీద చీమలు. నూకాలు నోరు తెరిచి ఏడుపు అందుకుంది. చిట్టెమ్మ మాత్రం ఏడవలేదు.

"ఎవులు?" అంది.

"పిల్లే తల్లీ, ఆ బెంగాలీలోల పిల్లి..." అని అందుకుంది సింహాచలమ్మ.

"పిల్లి కాదు" అంది పోలమ్మ. "నానే. పుట్టనుకుని పాలు పోసినాను. సచ్చిపోతాయని తెలీదు. నూకాలు సెవికని మొక్కుకున్నాను."

సింహాచలమ్మ నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయింది.

చిట్టెమ్మ పుస్తకాలు విసిరేసింది. ఆరు నెలల మాటలు ఒక్కసారి వచ్చాయి. "సంపేసినావు! మావి అన్నీ సంపేసినావు! సెవికి ఆసుపత్రిలో మందిచ్చినారు గదా, పాలు పోస్తే తగ్గుతాదేటి? పసుపు ఎందుకు రాసినావు, పసుపంటే సీమలు దగ్గరికి రావని తెలీదా? నీకు ఏటీ తెలీదు!"

మొహం చూసే అంది. పోలమ్మకి ఆ సంగతి తెలిసింది గాని సంతోషించడానికి ఓపిక లేకపోయింది. "నాకు తెలీదు" అంది. "తెలిసినదానివి, ఇప్పుడేటి సెయ్యాలో సెప్పు."

చిట్టెమ్మ తెల్లబోయింది. ఆ ఇంట్లో ఆ పిల్లని పెద్దవాళ్ళెవరూ అలా అడగలేదు. ముక్కు ఎగబీల్చి కొంగు దగ్గర కూచుంది. ఒక చీమని చీపురుపుల్లతో తిప్పి చూసింది. వానాకాలం నీళ్ళ పళ్ళెంలో పడి చచ్చినట్టు ఉన్నవి ఆరాక లేచి పోవడం ఆ పిల్ల ఎన్నోసార్లు చూసింది.

"ముందు నీళ్ళతో కడగాలి. పాలు ఆరితే అంటుకుపోతాయి" అంది. "నూకీ, ఏడుపు ఆపి హార్లిక్సు సీసా తే. పొడి మన్ను తే. ఒలే, నువ్వు కదలకు, నీ మోచెయ్యి కింద ఒకటున్నాది."

పోలమ్మ కదలలేదు. ముగ్గురూ వరండాలో కూచున్నారు. పోలమ్మ బురదలోంచి ఏరి అందించడం, చిట్టెమ్మ నీటిచుక్కలో ముంచి తీయడం, నూకాలు కొంగుమీద వరసగా పేర్చి నోటితో ఊదడం. గుడ్లు మాత్రం పాలవిరుగుడులో ఏది ఏదో తెలియలేదు, దక్కలేదు. చాలా చీమలు ఊదినా కదలలేదు. కాసేపటికి నూకాలు ఊదుతూ ఊదుతూ ఆగిపోయింది.

"అక్కా, కాలు" అంది.

ఒక చీమ వెనక కాలు ముడిచి చాపింది. తరవాత మీసం తుడుచుకుంది. ఆ పక్కది కూడా. సాయంత్రానికి సీసా అడుగున పొడిమట్టిలో కొన్ని తిరుగుతున్నాయి. ఉన్నవాటిలో సగం కూడా కాదు.

షాపు సైరను కూసింది. తవిటయ్య సైకిలు దిగకముందే చిట్టెమ్మ ఎదురెళ్ళి అంతా చెప్పేసింది. పసుపు, బొట్లు, గుడ్డు, గ్లాసుడు పాలు, ఒక్కటీ వదల్లేదు. పోలమ్మ తలుపు వెనక నిలబడి వింది. తవిటయ్య పెట్టె చట్రం చూశాడు, బొట్లు చూశాడు. కోపం వస్తుందనుకుంటే నవ్వు వచ్చింది. గోడకి ఆనుకుని నవ్వాడు.

"టేకు చట్రానికి పూజ సేసినాదేటి! గుడ్డు కూడా కొట్టినాదేటి! షాపులో సెప్తే సస్తారు..."

"నవ్వకు నాన్నా" అంది చిట్టెమ్మ.

"అది కాదే, నీ సీమలకి..."

"నవ్వకన్నానా! ముందు ఆ సేతులు సూడు. సూసినాక నవ్వు."

తవిటయ్య తలుపు వెనక్కి చూశాడు. పోలమ్మ చేతులు కొంగులో దాచుకోబోయింది, కొంగు నిండా మట్టి. మోచేతుల దాకా దద్దుర్లు, వేళ్ళు ఉబ్బి ముడవడం లేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. సైకిలు లోపల పెట్టడానికి పోయాడు.

చిట్టెమ్మ పెరట్లోకి వెళ్ళి, చీమకాట్లకి రాయడానికి సింహాచలమ్మ కిళ్ళీలకి వాడే సున్నం గోడమీంచి అడిగి తెచ్చింది. గడప మీద కూచుని, "ఇలా పెట్టు" అంది.

పోలమ్మ చేతులు చాపింది. పిల్ల మోటుగా, గబగబా రాసింది. పోలమ్మ పళ్ళు బిగించినా నోరు ఊరుకోలేదు.

"మంటే" అంది.

"మంటే మరి. గ్లాసుడు ఒంపినప్పుడు తెలీలేదేటి?" అంది చిట్టెమ్మ. "రెండో సెయ్యి పెట్టు."