అచ్చుది తప్పు

“పిండి కలిపే చేతులకు ఇదేం పెద్ద పని?” అన్నాడు కోటేష్ పెండ్లయిన కొత్తలో. అంతే, గాజు బొమ్మలకు అచ్చులు చేసే పని ప్రమీల మెడకు చుట్టుకుంది. గోదావరి ఒడ్డు బంకమట్టితో బొమ్మ చేయాలి. చుట్టూ చెక్కలు కట్టి, ప్లాస్టరూ పలుగురాతి పొడీ సగం సగం కలిపి పోయాలి. పొడిని నీళ్లలోకి చల్లాలి తప్ప పొడి మీద నీళ్లు గుమ్మరించకూడదు. ఉండ తగిలితే చేతికే తెలుస్తుంది, అందుకని గరిటె పనికిరాదు. గట్టిపడ్డాక మట్టి గోకి తీసేస్తే మిగిలే గుంతే అచ్చు. దాన్ని వారం రోజులు తిప్పి తిప్పి ఆరబెట్టాలి. ఇదంతా వంటకూ అంట్లకూ మధ్య దొరికిన సందుల్లోనే. డ్రాయింగ్ మాస్టరు కోటేష్ బడి నుంచి వచ్చి, అచ్చులో గాజు పెంకులు పేర్చి, కరెంటు బట్టీ స్విచ్చు వేస్తాడు. గాజు కరిగి, చల్లారి బొమ్మయి బయటికొస్తే దాని మీద సంతకం ఆయనది.

పని చేయడం ఆమెకు బాధ కాదు, ఇష్టం కూడా. కడుపు మండేది పోయినేటి సంగతికి. చల్లారకముందే బట్టీ తెరిచి బొమ్మ పగలగొట్టింది ఆయన. “మా ఇంటిది అచ్చు తడిగ పెట్టింది” అని బూర్గంపాడంతా చెప్పిందీ ఆయనే. “నా కొడుకు కష్టం మట్టిపాలు చేసినవ్ గదనే” అని అత్త జమ్లి నెల రోజులు సణిగింది. ప్రమీల నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవడం తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ సిగ్గే.

ఈసారి బొమ్మ ఆ జమ్లి చేతులే, దోసిలి పట్టిన రెండు చేతులు. ‘మా అమ్మ’ అని కోటేష్ పేరు కూడా పెట్టేశాడు. ఆ చేతుల్ని ఎన్నడైనా పట్టుకున్నాడా మహానుభావుడు? నొప్పులకు నూనె రాసేది ప్రమీల. కొడవలి కోసుకుని వంకరబోయిన చిటికెన వేలు ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆమెకు కండ్లు మూసుకున్నా తెలుసు.

హైదరాబాదు గ్యాలరీ నుంచి బొమ్మలు కొనే హేమలత మేడం చెప్పినదానికంటే ఒక రోజు ముందే దిగింది. బట్టీ మీటరు నూట ఎనభై డిగ్రీల దగ్గరుంది.

“ఇప్పుడే తీసి చూపిస్త మేడం,” అన్నాడు కోటేష్.

“ఆగు. రేపు పొద్దటిదాకా ముట్టొద్దు. చల్లగాలి తగిలితే పగుల్తది,” అంది ప్రమీల.

“నీకేం తెల్వదు, పోయి చాయ్ పెట్టు.”

ఆమె కదల్లేదు. పగిలితే నింద ఎవరి మీద పడుతుందో ఆమెకు తెలుసు. ఆపాలంటే ఆయన చేతి మీద చెయ్యి వేసి లాగాలి, పరాయి మనిషి ముందు. ఆ లోపే కోటేష్ మూత ఎత్తాడు. వేడి గాలి మొహాన కొట్టింది. టక్‌మని ఒక్క చప్పుడు. గాజు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత పాకింది.

ప్రమీలకు ఏడుపొచ్చింది, పగిలింది తన చేతులే అన్నట్టు.

కోటేష్ మొహం ఒక్క క్షణమే పాలిపోయింది. “అచ్చుది తప్పు మేడం. సరిగ్గ ఆరబెట్టలే.”

“అచ్చు మీరే కదా చేసేది?” అంది హేమలత.

“కాదు మేడం, ఇది చేసింది మా ఇంటిది.”

ప్రమీల కొంగుతో మొహం తుడుచుకుని బట్టీ దగ్గరికి వచ్చింది.

“అచ్చు చూడుండ్రి మేడం, యాడా చెదరలే. తడి ఉంటే అదే పగిలి, గాజు కారిపోతుండె. చుక్క బయటికి రాలే,” అంది. తర్వాత కోటేష్ కండ్లలోకి చూసింది. “ఆయన చెప్పింది నిజమే మేడం. ఈ అచ్చు నేనే చేసిన. ఇన్నేండ్లూ మీరు కొనుకపోయిన పగలని బొమ్మలన్నిటికీ గూడ నేనే చేసిన.”