సీమోను బొమ్మ మీది దుమ్ము

మిట్టమధ్యాహ్నం ఎండలో యేసమ్మ వచ్చి స్క్రీను కింద నిలబడింది. చెరుకు నరికే కూలి ఆ రోజుకు పోయినట్టే. బోధన్ బస్టాండు ఎదుటి గోడకున్న ఆ ఎల్‌ఈడీ స్క్రీనును తుడిచే పని ఆమె మొగుడు సీమోనుది. పోయిన నెల తుడుస్తూనే కరెంటు కొట్టి నిచ్చెన మీది నుంచి పడి చనిపోయాడు. ప్రకటనలు ఆగితే నష్టమని యజమాని రాందాసు కరెంటు తీయనిచ్చేవాడు కాదు. మనిషి పోయాక మాత్రం ఆయన చెయ్యి పెద్దదైంది. ఒక రోజంతా సీమోను బొమ్మ ఉచితంగా వేయిస్తానన్నాడు. ఆ రోజు ఇదే. పుణ్యాత్ముడు!

చనిపోయినవాడి తలాపునే కదా భార్య ఉండాల్సింది. ఆ అలవాటు కొద్దీ యేసమ్మ గోడకు ఆనుకునేంత దగ్గరికి పోయి తలెత్తింది. ఎర్రవి, పచ్చవి, నీలివి దీపపు చుక్కలు. వాటిలో మొగుడు ఎక్కడా లేడు.

"గంత దగ్గెరుంటే ఏం కండ్లవడ్తది చెల్లె? దూరం పో" అన్నాడు స్విచ్చు బోర్డు పక్కన నిలబడ్డ రాందాసు.

ఆమె రోడ్డు దాటి అవతలి పక్కకు పోయింది. చుక్కలన్నీ కలిసి ముఖమయ్యాయి గానీ, పోలికలు కళ్లకు ఆనడం లేదు. చర్చి ముందు పదిమందితో దిగిన పెళ్లి ఫొటోలోంచి తీసిన గోరంత ముఖం అది. అంత పెద్దది చేసేసరికి చెదిరిపోయింది. పైగా ఎండ. పైగా చెరుకు లారీలు లేపిన దుమ్ము. తుడిచేవాడు పోయాక దాన్ని ఎవరూ తుడవలేదు. బస్సుల కోసం నిలబడ్డ జనంలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. బొంద పెట్టిన నాడు కూడా యేసమ్మకు ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"దుమ్ము తుడిస్తె సాఫ్ కండ్లవడ్తది. సత్యానందం, ఎక్కు" అన్నాడు రాందాసు.

సత్యానందం సీమోను తమ్ముడు. అన్న పని ఇప్పుడు అతనికి ఇచ్చారు. గుడ్డ భుజాన వేసుకుని నిచ్చెన పట్టుకున్నాడు. యేసమ్మ రోడ్డు దాటి ఉరికొచ్చి నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుంది.

"మొదలు కరెంటు బంద్ చెయ్యి సేటు."

"బంద్ జేస్తె నీ మొగని బొమ్మ గూడ పోతది. మల్ల ఎయ్య, సూస్కో."

"జర జరుగు వదినె" అన్నాడు సత్యానందం మెల్లగా. "అన్నను ఒక్కపారన్న మంచిగ సూస్తవు."

చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది.

"పోనియ్యి. బంద్ చెయ్యి" అంది.

రాందాసు స్విచ్చు వైపు కదల్లేదు. కాసేపటికి సత్యానందం నిచ్చెన మీది నుంచి చెయ్యి తీసి, వదినె పక్కన వచ్చి కూర్చున్నాడు.