దేవుడమ్మ గారి కాశీ విమానం

దేవుడమ్మకి మోకాళ్ళ నొప్పులు లేకపోయి ఉంటే నర్సీపట్నానికి విమానం కంపెనీ వచ్చేదే కాదు. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోనీండి, జరిగింది మాత్రం ఇదే. ఆవిడకి ఉన్నది ఒక్కటే కోరిక, కాశీ వెళ్ళాలని. రెండు రాత్రుళ్ళు రైల్లో కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. మొగుడు పోయిన దగ్గర్నించీ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, "నాను కాశీ సూడకుండానే పోతాన్రా" అనేది. ఒక్కగానొక్క కొడుకు మన్మథరావుకి ఆ మాట పంటికింద రాయిలా తగిలేది.

ఇంకొకడైతే తల్లి మోకాళ్ళు డాక్టరుకి చూపించేవాడు. మన్మథరావు విమానం తెచ్చాడు.

అప్పటికి అతనికి ఒక టూరిస్టు బస్సు, దాన్ని నడపడానికి కొండబాబు అనే డ్రైవరు, కోటవురట్ల దగ్గర తండ్రి వదిలిపోయిన జీడితోట ఉన్నాయి. తిరపతి, శ్రీశైలం యాత్రలు తిప్పుతూ హాయిగా బతుకుతున్నాడు. అలా బతకడం కొందరికి చేతకాదు. ఎనభై రెండులో వైజాగులో ఎవరో చెప్పారు, కలకత్తాలో ఒక కంపెనీ వాళ్ళ దగ్గర పాత డకోటా విమానం ఉంది, ఇన్నాళ్ళూ టీ పెట్టెలు మోసింది, ఇప్పుడు ఖాళీగా ఉంది, అద్దెకిస్తారు అని. వారం తిరక్కుండా మెయిన్ రోడ్డులో బోర్డు లేచింది. 'వరాహా విమాన యాత్రా సర్వీస్. కాశీకి వెళ్ళి నాలుగోనాడు ఇంట్లో ఉండండి.'

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని సామెత చెప్పుకునే ఊరు. అలాంటి ఊళ్ళో నాలుగోనాడు ఇంట్లో ఉండొచ్చంటే ఎవరాగుతారు? కార్తీకమాసంలో మొదటి ప్రయాణానికి సీట్లన్నీ నిండాయి. ఎక్కేవాళ్ళు బస్సుకి సరిపడా ఉంటే, సాగనంపేవాళ్ళు మూడు లారీల్లో వైజాగు దాకా వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు దక్షిణామూర్తిగారు మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే, కిందున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

అంతా ఎక్కాక మన్మథరావు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. దేవుడమ్మ విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూసింది.

"ఒరే, దీంట్లో ఎల్తే కాళ్ళు నొప్పెట్టవా?"

"అస్సలు నొప్పెట్టవమ్మా."

"ఒళ్ళు అలవదా?"

"కునుకు తీసి లేచేసరికి కాశీలో ఉంటావు."

"అలగైతే నాను రాను. మీ తాత నడిసెల్లాడు కాశీకి. కట్టం లేకుండా పున్నెం ఎలగొత్తాదిరా? ఊరికే వొచ్చేదాన్ని ఊరికే అంతారు గానీ పున్నెం అంతారేటి?"

మన్మథరావు బతిమాలాడు, కోప్పడ్డాడు, పైలట్ చేత కూడా చెప్పించాడు. పైలట్ బెంగాలీవాడు, వాడు చెప్పింది ఎవరికీ అర్థం కాలేదు. చివరికి తల్లి ఖాళీ సీటు మీద ఆవిడ చేతిసంచీ ఒక్కటే కాశీ వెళ్ళొచ్చింది. ఆ రోజే మన్మథరావు ఒట్టు పెట్టుకున్నాడు, అమ్మ ఆ సీట్లో కూర్చునేదాకా ఈ విమానం ఆపేది లేదని. ఆ ఒట్టు ఎంత పని చేసిందో ముందు ముందు మీరే చూస్తారు.

నాలుగోనాడు అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. గొడవంతా అక్కడే మొదలైంది. కాశీ నుంచి వచ్చినవాళ్ళకి మేళం పెట్టి ఎదురెళ్ళడం, కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకోవడం మామూలే కదా. దక్షిణామూర్తి మాస్టారు గంగ చెంబు పట్టుకుని బస్సు దిగి, మేళం ఎక్కడా అని చూస్తుంటే కిళ్ళీకొట్టు జోగులు పలకరించాడు. "ఏటి మాస్టారూ, అనకాపల్లి ఎల్లొచ్చారా?" ఇంటికి వెళ్తే పాలు పోసే కామమ్మ, "ఓలమ్మ, అప్పుడే వొచ్చేసినారేటి, పాలు మానేద్దారనుకున్నాను" అంది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కాళ్ళకి దణ్ణం పెట్టలేదు. సమారాధన చేస్తే ఊరంతా వచ్చి బూరెలు తిని, చెయ్యి కడుక్కుంటూ, "బావుందండి, ఏటి విశేషం?" అని అడిగి పోయారు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు కంపెనీ ఆఫీసుకి వచ్చి బల్ల గుద్దారు.

"ఏమయ్యా మన్మథరావూ, నేను కాశీ వెళ్ళానా, వెళ్ళలేదా?"

"వెళ్ళారు కదండీ."

"మరి ఊరికి తెలియదేం? నల్లబడలేదు, చిక్కలేదు, గడ్డం కూడా సరిగ్గా పెరగలేదు. ఎవడు నమ్ముతాడయ్యా? నా పుణ్యం నాకు ఇప్పించు."

ఇంట్లో దేవుడమ్మ, "నాను సెప్పలేదేటి" అని ఊరుకుంది. ఆవిడ ఊరుకుంటే తిట్టినదానికన్నా ఎక్కువ.

అప్పుడు డ్రైవరు కొండబాబు ఒక ఉపాయం చెప్పాడు. "బాబుగారూ, ఎల్డం ఇమానంలోనే, అందరూ సూత్తుండగా. రావడం మాత్రం గయ, ప్రయాగ, పూరీ అన్నీ తిరుక్కుని రైల్లో అని సెప్పేద్దాం. నాలుగోనాడు వైజాగులో ఆళ్ళని ఇమానం దింపేసి, ఏటికొప్పాక మీంచి మన జీడితోటకి తోలుకుపోతాను. పక్షం రోజులు ఆడుంచేసి, ఆనక నర్సీపట్నం రోడ్డు టేసన్ కాడ దింపేద్దాం. కాసింత బొగ్గు రాత్తే సరి."

మన్మథరావు తటపటాయించాడు. మాస్టారే ధైర్యం చెప్పారు. "కాశీ వెళ్ళడం నిజమే కదా. తిరిగి రావడమే కొంచెం ఆలస్యం. ఆలస్యం అబద్ధమని ఏ శాస్త్రంలోనూ లేదు." అనడమే కాదు, తన పోయిన మర్యాద కోసం రెండో ప్రయాణంలో మళ్ళీ వెళ్ళి, మొహానికి బొగ్గు ఆయనే పులుముకున్నారు.

ఈసారి స్టేషన్‌లో మేళం మోగింది. గయ దాటాక రైల్లో పడిన అవస్థలు మాస్టారు చెబుతుంటే జనం నోరు వెళ్ళబెట్టి విన్నారు. కాళ్ళు కడిగిన నీళ్ళకి తోపులాట జరిగింది. ఇంకేముంది, వరాహా కంపెనీ పేరు తుని దాకా, ఎలమంచిలి దాకా పాకిపోయింది. కొయ్యూరు నుంచి కూడా జనం దిగి వచ్చి టిక్కెట్లు అడిగారు. మన్మథరావు తెల్ల సఫారీ సూటు కుట్టించుకుని, విమానం పక్కన నిలబడి క్యాలెండరు వేయించాడు. ఆ క్యాలెండరు లేని ఇల్లు లేదు, దేవుడమ్మ గది తప్ప. ప్రతి ప్రయాణానికీ ముందు సీటు ఆవిడ కోసం ఖాళీగా ఉంచేవాడు. ప్రతిసారీ అడిగేవాడు. "కట్టం ఉందేటిరా?" అని ఆవిడ అడిగేది. లేదు అని ఇతను నిజం చెప్పేవాడు. ఆ ఒక్క చోట అబద్ధం ఆడటానికి అతనికి నోరు రాలేదు, పాపం.

ఇక్కడ జీడితోట సంగతి చెప్పాలి. పాకలు వేశారు, వంటకి సింహాద్రమ్మని పెట్టారు. పచ్చి జీడిపప్పు కూర, పనసపొట్టు, మధ్యాహ్నం చెట్ల కింద నులకమంచాలు. పేకాట ఒకపక్క, వామనగుంటలు ఇంకోపక్క. తాలూకాఫీసు హెడ్ క్లర్కు సోమసుందరంగారి భార్య వర్ధనమ్మ ఉంది. పెళ్ళైన దగ్గర్నించీ అత్తగారికీ, మరుదులకీ, పిల్లలకీ వండి వార్చడమే తప్ప, ఇంకొకరు వడ్డిస్తే కూర్చుని తిన్నది లేదు. తోటలో మొదటి రోజు మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం లేచింది. లేచి, ఎవరూ కేకెయ్యలేదేమిటని కంగారుపడి, కేకేసేవాళ్ళు లేరని గుర్తొచ్చి, మంచం మీదే కూర్చుని ఏడ్చింది. సింహాద్రమ్మ ఏమైందమ్మా అంటే, ఏమీ కాలేదు, అందుకే, అంది.

ఇంటికి వెళ్ళిన రెండు నెలలకి అదే వర్ధనమ్మ మళ్ళీ ఆఫీసుకి వచ్చింది.

"మళ్ళీ కాశీ వెళ్తాను నాయనా. కానీ ఆ విమానంలో తల తిరుగుతుంది. నన్ను తిన్నగా తోటకి పంపించెయ్యి. టిక్కెట్టు పూర్తిగానే ఇస్తాను."

మొహమాటానికి పోయి మన్మథరావు సరేనన్నాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ సరే కంపెనీ కొంప ముంచింది. వర్ధనమ్మ చెల్లెలు తిన్నగా తోటకి. వాళ్ళ పక్కింటావిడ తిన్నగా తోటకి. రానురాను మేళంతో బయల్దేరిన బస్సు అనకాపల్లి దాకా వెళ్ళి, టీ తాగి, వెనక్కి తిరిగి తోటకి వచ్చేసేది. విమానం మాత్రం అద్దె ఆగదు కనక నలుగురితోనో ముగ్గురితోనో ఎగురుతూనే ఉంది.

"ఇమానం మానేద్దామండి బాబుగారూ. తోటొక్కటి నడుపుకుంటే మారాజుల్లా బతికేత్తాం" అన్నాడు కొండబాబు.

"తోటకి రమ్మంటే మా అమ్మ ఎప్పుడైనా వెళ్తుందిరా. వెళ్ళనిది కాశీకి" అన్నాడు మన్మథరావు.

ఇలా ఉండగా సోమసుందరంగారికి ఇంట్లోకి జీడిపప్పు కావలసి వచ్చింది. ఆడదిక్కు కాశీ వెళ్ళింది కనక ఆయనే సంచీ పుచ్చుకుని, చవగ్గా దొరుకుతుందని కోటవురట్ల తోటల వెంట పడ్డాడు. కంచె ఇవతల నుంచి చూస్తే, కాశీ వెళ్ళిన ఊరు ఊరంతా అక్కడే ఉంది. మధ్యలో ఆయన భార్య వామనగుంటలు ఆడుతూ పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు ఆయన అంతకు ముందు విన్నది కాదు. అందుకని ఎవరో అనుకుని రెండోసారి చూశాడు.

"వర్ధనం, నువ్వు ఎక్కడున్నావు?" అన్నాడు చివరికి.

ఆవిడ తలెత్తి చూసింది. చేతిలో గింజలు గుంటల్లో పంచడం ఆపలేదు.

"గయలో ఉన్నానండీ. వచ్చే సోమవారానికి వచ్చేస్తాను. పెరుగు తోడెయ్యడం మర్చిపోకండి."

ఆ పూటకే ఊరంతా కోడై కూసింది. బొగ్గు మొహాలకి దణ్ణాలు పెట్టినవాళ్ళంతా ఆఫీసు మీదికి వచ్చిపడ్డారు. జోగులైతే తను మాస్టారి కాళ్ళకి పెట్టిన దణ్ణం వెనక్కి ఇమ్మన్నాడు. మాస్టారు ఇంట్లోంచి బయటకి రాలేదు. బోర్డు ఎవరో పీకేశారు. బస్సు అమ్మేస్తే విమానం అద్దె తీరింది. సూటు మాత్రం ఎవరూ కొనలేదు.

విమానానికి అద్దె ముందుగా కట్టేసిన ప్రయాణం ఇంకొక్కటి మిగిలింది. ఆ రోజు మన్మథరావు అమ్మేసిన బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. దాన్ని కొన్నవాళ్ళు తోలుకుపోయే ముందు ఆఖరిసారి వైజాగు దాకా ఇస్తామన్నారు. ఎక్కేవాడు ఒక్కడూ లేడు. అతను గడ్డం మాసి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాడు. సఫారీ సూటు భుజాల దగ్గర వేలాడుతోంది.

దేవుడమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చింది.

"లే. ఎల్దాం."

"ఎక్కడికమ్మా?"

"కాశీకిరా, ఇంకెక్కడికి."

"పుణ్యం రాదన్నావు కదమ్మా. ఇప్పుడూ కష్టం లేదు. కునుకు తీసేసరికి..."

"నాకు లేదులే. నీ మొకం అద్దంలో సూసుకున్నావేటి? మీ తాత కాశీ నుంచి నడిసొచ్చినప్పుడు కూడా ఇలగ లేడు. ఇంత కట్టం నువ్వు పడితే నాను ఎక్కాపోతే, అదంతా ఎవులికి పోద్ది?"

విమానంలో తల్లీ కొడుకూ ఇద్దరే. ముందు సీట్లో ఆవిడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మేఘాల్లో కుదుపులొస్తే కొడుకు చెయ్యి పట్టుకుని, "ఇది మన బస్సు కన్నా నయమే" అంది. మన్మథరావు దారి పొడుగునా కిటికీలోంచి బయటకి చూడలేదు. ఆవిడనే చూశాడు.

కాశీలో స్నానాలయ్యాయి, దర్శనమైంది. గట్టు మీద తెలుగు తెలిసిన పురోహితుడు, మీకు ప్రాణమైనది ఏదైనా గంగమ్మకి వదిలిపెట్టి, జన్మలో మళ్ళీ ముట్టనని చెప్పండి అన్నాడు. కాశీలో ఏదో ఒకటి వదిలిపెట్టాలని అందరికీ తెలుసు. నోటికి సయించని కూర ఏదో చూసి వదిలేస్తారన్నదీ అందరికీ తెలుసు.

"ముందు అబ్బాయి చెప్పాలి" అన్నాడు పురోహితుడు.

మన్మథరావు మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

"విమానం వదిలేస్తున్నానండి" అన్నాడు.

పురోహితుడికి అర్థం కాలేదు. కాయో పండో చెప్పమన్నాడు. మన్మథరావు మళ్ళీ అదే మాట చెప్పి, దోసిలి నిండా నీళ్ళు తీసి వదిలేశాడు. తరవాత గట్టెక్కి, తమకోసం ఆగనక్కర్లేదని పైలట్‌కి కబురు పంపించాడు.

"మరి ఇంటికెలగెల్తాం?" అంది దేవుడమ్మ.

"రైల్లోనమ్మా. నీ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుంటాను. రెండు రాత్రులూ పట్టుకునే కూర్చుంటాను."

దేవుడమ్మ కొడుకు మొహం చూసింది. కొంగుతో అతని తల తుడిచింది. తరవాత పురోహితుడి వైపు తిరిగింది.

"బాబూ, నాను కాకరకాయ వొదిలేద్దారని ఇంటికాడే అనుకునొచ్చాను. అది నాకు ఎలగూ పడదు. ఈడు ఇమానమే వొదిలేశాక ఇప్పుడు కాకరకాయంటే బావుంటాదేటి? వంకాయ అని సెప్పు." ఆవిడకి గుత్తి వంకాయ లేనిదే ముద్ద దిగేది కాదు. దోసిట్లో నీళ్ళు పోసుకుని పురోహితుడి ముందుకి చాపింది. "బేగి సెప్పీ బాబూ, మళ్ళీ మనసు మారిపోద్ది."