చేయి తిరగడానికి

కాలిన వెంట్రుకల వాసన గదినిండా కమ్ముకుంది. మంచం మీద పడుకున్న రుద్రమ్మ రెండు చేతులతో దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది.

“మంట మండుతున్నది సారూ.”

“కాస్త చురుక్కుమంటుందని ముందే చెప్పాను కదా. ఓర్చుకో,” అన్నాడు భార్గవ్.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య అతనూ ఒక బోర్డు పెట్టాడు. అవాంఛిత రోమాలు తీసే లేజర్ పని అక్కడ నేర్పుతారు. రుద్రమ్మ నెలకు పద్దెనిమిది వందల జీతానికి ఊడ్చి తుడుస్తుంది. నేర్చుకునే ఆడపిల్లలకు చేయి తిరగాలంటే ఎవరిదో ఒక ఒళ్లు కావాలి. వయసొచ్చినప్పటి నుంచీ రుద్రమ్మ గడ్డం కింద బిరుసు వెంట్రుకలు. బస్తీలో ‘గడ్డం రుద్రమ్మ’ అనేవాళ్లు. కోపమొస్తే చనిపోయిన మొగుడు కూడా ఆ మాటే అనేవాడు. పైసా తీసుకోకుండా తీయిస్తానని భార్గవ్ అన్నప్పుడు ఆమె అది తన అదృష్టమనుకుంది.

భార్గవ్‌కీ, మిషన్ పట్టుకుని పని నేర్చుకుంటున్న మంజూషకీ నల్ల కళ్లద్దాలున్నాయి. రుద్రమ్మ కళ్ల మీద తడి దూది పెట్టారు.

మంజూష చేయి ఆగింది. “సార్, ఈవిడ రంగుకి పవర్ తగ్గించాలేమో. ముందు చిన్న చోట వేసి చూడాలని మీరే చెప్పారు కదండీ.”

“కస్టమర్లకి అలాగే చేద్దువుగాని. ఇప్పుడు కానివ్వు.”

తెల్లారేసరికి గడ్డమంతా బొబ్బలు. సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ చూసి నిట్టూర్చింది. “నల్లటి చర్మం వేడిని ఎక్కువ పీల్చుకుంటుందమ్మా. డాక్టరు దగ్గరుండి, మిషన్ పవర్ తగ్గించి చేయించాలి. ఎవరు చేశారు?”

రుద్రమ్మ కొంగు గడ్డం మీదికి లాక్కుంది. “మచ్చ పోతదా అమ్మా?”

“నెలలు పడుతుంది. మొత్తం పోతుందని మాటివ్వలేను.”

ఎవరడిగినా గంజి ఒలికిందని చెప్పమన్నాడు భార్గవ్, పూత మందు ట్యూబొకటి చేతిలో పెట్టి. పని పోతుందన్న భయంతో రుద్రమ్మ నల్లా దగ్గర అందరికీ అదే చెప్పింది. అందరూ నమ్మారు.

సోమవారం కొత్త బ్యాచి, వాళ్లకు చేసి చూపించాల్సింది మంజూష. బకెట్టుతో గదిలోకి వచ్చిన రుద్రమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మంచం మీద పక్కింటి పోచమ్మ పడుకుని ఉంది, హాస్టళ్లలో గిన్నెలు తోమే పోచమ్మ. పైపెదవి మీద జెల్లు రాసి ఉంది.

“లే పోచక్కా. గంజి గాదు, నీకు అబద్ధం చెప్పిన. గీ మిషన్‌తోనే కాలింది,” అంటూ రుద్రమ్మ గడ్డం మీంచి కొంగు తీసింది.

పోచమ్మ దూది పక్కకు జరిపి ఆ గడ్డాన్ని చాలాసేపు చూసింది.

“నీకు నెల జీతమున్నది చెల్లె. సారు వంద ఇస్తనన్నడు. నాకు రెండు దినాల కూలి. జర ఓర్సుకుంట,” అని దూది మళ్లీ కళ్ల మీదికి లాక్కుంది.

“ఏంటిది రుద్రమ్మా? ఉద్యోగం పోగొట్టుకుంటావా? బయటికి నడు,” అన్నాడు భార్గవ్.

గది కిరాయి, కొడుకు బడి ఫీజు ఒక్కసారే గుర్తొచ్చాయి రుద్రమ్మకు. అయినా మంచం దగ్గరికి నడిచింది. వంగి, పోచమ్మ పెదవి మీద తన అరచేయి మూసి పెట్టింది. మిషన్ కొస నుంచి పడే ఎర్రటి చుక్క ఆ చేతి మీద నిలిచింది.

“నొక్కు మంజూషా,” అన్నాడు భార్గవ్.

మంజూష పాదం మిషన్ పెడల్ మీదే ఉంది. రుద్రమ్మ చేయి తీయలేదు.