గది మధ్యలో స్నానాల తొట్టి

గది తలుపు తీసి కతలీనా పక్కకు తప్పుకుంది. వియ్యంకులిద్దరూ గుమ్మం బయటే ఆగిపోయారు.

"మీరు పదండి బావగారూ," అన్నాడు చలపతి.

"అయ్యో, గట్లెట్ల? మీరు వోండ్రి."

పిల్లనిచ్చినవాడు ముందు నడవకూడదని చలపతి పట్టు. తనకన్నా పెద్దవాణ్ణి వెనక నిలబెట్టకూడదని కిషన్‌రావు పట్టు. హీత్రూలో మొదలైన ఈ వరస విమానం మెట్ల దగ్గరా, టాక్సీ దగ్గరా సాగి, మయోర్కా ద్వీపం నడుమ నిమ్మతోటలోని ఈ రాతి ఇంటిదాకా వచ్చింది. హోటలు యజమానురాలు కతలీనా కాసేపు చూసి, తనే ముందు లోపలికి వెళ్ళింది.

అప్పుడు కనిపించింది తొట్టి. తెల్లగా, నాలుగు ఇత్తడి కాళ్ళ మీద, సరిగ్గా గది మధ్యలో. చుట్టూ గోడ లేదు, తెర లేదు. తొట్టిలో పడుకుని కిటికీలోంచి కొండలు చూడవచ్చని కతలీనా ఇంగ్లీషులో చెప్పింది. కిషన్‌రావు కొండల వైపు చూడకుండా మూలనున్న టాయిలెట్ దాకా వెళ్ళి వచ్చాడు.

"దానికి తలుపు ఉన్నది," అన్నాడు.

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

మిగిలింది ఆ ఒక్క గదేనట. కొత్త దంపతుల కోసం అమర్చిన గది అని ఇంటర్నెట్‌లో బుక్ చేసిన అభిజిత్ గమనించలేదు. కలిపి వేసిన మంచాల్ని అడిగి విడదీయించారు. తొట్టిని విడదీసే మార్గం లేదు. అందుకని ఒకరు స్నానం చేస్తుంటే మరొకరు మెట్లు దిగి, బయట కిటికీ కింద ఉన్న బల్ల మీద కూర్చోవాలని మాటలేమీ లేకుండానే తీర్మానమైపోయింది.

అసలు ఈ విశ్రాంతి విశ్రాంతి కోసం కాదు. అభిజిత్ చలపతికి అల్లుడు, కిషన్‌రావుకు కొడుకు. చలపతి ఒక్కగానొక్క కూతురు కిరణ్మయి ఫిజియోథెరపిస్టు. న్యూకాసిల్‌లో ఒక ఆసుపత్రి ఆమెకు పెద్ద ఉద్యోగం ఇస్తానంది. సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. అభిజిత్‌కు అభ్యంతరం లేదు, అతని సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా నడుస్తుంది. కాని హీత్రూ పక్కనున్న హేస్‌లో వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు లక్ష్మీబాయి, "ఉన్న ఊరు ఇడిశిపెట్టి ఎటు వోతరు?" అని ఒక్కమాటలో తేల్చేసింది. ఆ మాట మీద మాట చెప్పగలవాడు కిషన్‌రావు ఒక్కడే. ఆయన ఇంతవరకు ఔననలేదు, కాదనలేదు.

"నేనడిగితే మావయ్యగారు అత్తయ్య వైపు చూస్తారు," అంది కిరణ్మయి, నాటింగ్‌హామ్‌లో ఉండే తండ్రికి ఫోన్ చేసి. "అత్తయ్య మళ్ళీ విమానం ఎక్కరు. అక్కడ ఆయన చూడ్డానికి నువ్వొక్కడివే ఉంటావు. జస్ట్ అడుగు నాన్నా, ప్లీజ్."

అడగడం చలపతికి చేతకాని పని. కౌన్సిల్‌లో డ్రైనేజీ ఇంజనీరుగా పనిచేసినన్నాళ్ళూ వాన నీళ్ళను ఎటు వెళ్ళమంటే అటు పంపించాడు గాని, మనుషుల్ని ఏదైనా అడగాల్సి వస్తే ఆ శాఖ భార్య విమలది. పక్కింటివాళ్ళ చెట్టు కొమ్మలు కొట్టించమనడం, డాక్టరు క్లినిక్‌కు ఫోన్ చేసి ఇవాళే అపాయింట్‌మెంట్ కావాలనడం, అన్నీ ఆవిడే. రెండేళ్ళ క్రితం ఆసుపత్రిలో, ఆఖరి రోజున, "మా ఆయనకొక కప్పు టీ ఇస్తారా?" అని నర్సును అడిగింది కూడా విమలే. ఆ టీ వేడిగా, చక్కెర సరిగ్గా వేసి తెచ్చి ఇచ్చారు. ఆ సంగతి చలపతి మరిచిపోలేదు. విమల ఉండుంటే న్యూకాసిల్ సంగతి హీత్రూలోనే తేలిపోయేది.

మొదటిరోజు పొద్దున టిఫిన్ దగ్గర కిషన్‌రావు అక్కడివాళ్ళలా రొట్టెకు టమాటా రుద్దుకుంటూ, "న్యూకాసిల్ల చలి జరంత ఎక్కువనట గదా?" అన్నాడు.

చలపతి, ఇది కాదనబోతూ వేస్తున్న పునాది అనుకున్నాడు.

"అవునండీ. కాస్త ఎక్కువే," అని కాఫీ కప్పులోకి చూశాడు.

మర్నాడు కొండ దారిలో నడుస్తూ, "హేస్ కెళ్ళి న్యూకాసిల్ శానా దూరమే ఉంటది," అన్నాడు కిషన్‌రావు.

"దూరమేనండీ."

"రైలు ఉన్నదా?"

"ఉందండీ."

కిషన్‌రావు ఇంకేదో వినాలన్నట్టు కాసేపు ఆగి, ఏమీ రాకపోయేసరికి దారి పక్క మేకను చూశాడు. చలపతి కూడా మేకను చూశాడు.

తక్కినదంతా సుఖంగానే ఉంది. ఇద్దరూ ఎవరిళ్ళ నుంచి వాళ్ళు ప్లాస్టిక్ మగ్గులు తెచ్చుకున్నారు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. గది సర్దే మనిషి వాటిని పూలకుండీలనుకుందేమో, రెండింట్లోనూ నీళ్ళు పోసి రోజ్‌మేరీ రెమ్మలు గుచ్చి కిటికీలో పెట్టింది. ఇద్దరూ స్నానానికి ముందు రెమ్మలు తీసి పక్కన పెట్టి, అయ్యాక మళ్ళీ గుచ్చేవాళ్ళు. ఆమె నొచ్చుకుంటుందని. రాత్రి భోజనాల బల్ల మీద ఒక్క కొవ్వొత్తి వెలిగించేవారు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన కిషన్‌రావు ఆ కొవ్వొత్తిని జాలిగా చూసి, "ఈ దీవిల లోడుకు కరెంటు సరిపోతలేదు," అన్నాడు.

కిటికీ కింది బల్ల కూడా మంచిదే. వియ్యంకుడు స్నానం చేస్తున్నంతసేపూ చలపతి అక్కడ ఎండలో కూర్చుని కునుకు తీసేవాడు. విమల పోయిన తరువాత పగలు నిద్ర పట్టడం అదే మొదలు. పైనుంచి మగ్గుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వింటుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది.

శనివారం వచ్చింది. మర్నాడు ప్రయాణం. కిషన్‌రావు తొట్టిలో ఉన్నాడు. కిటికీ చెక్క తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. చలపతి బల్ల మీద కూర్చుని, ఎదురుగా ఉన్న నిమ్మచెట్టును చూస్తూ, ఇక్కడినుంచి వియ్యంకుడి ముఖం కనిపించదని ఉన్నట్టుండి గ్రహించాడు.

"బావగారూ," అన్నాడు నిమ్మచెట్టుతో.

నీళ్ళ చప్పుడు ఆగింది. "ఆ, చెప్పుండ్రి."

"మా అమ్మాయిని న్యూకాసిల్ ఉద్యోగానికి వెళ్ళనివ్వండి. పెద్ద ఉద్యోగం. చిన్నప్పట్నించీ కష్టపడి చదువుకుంది. మీరు ఒక్కమాట చెబితే చెల్లెమ్మగారు ఒప్పుకుంటారు. మిమ్మల్ని అడగడానికే వచ్చాను. ఇన్నాళ్ళూ నోరు రాలేదు."

ఒక నిమ్మకాయ రాలింది.

"ఇప్పటికి అడిగిండ్రా!" అన్నాడు కిషన్‌రావు. "వచ్చిన కాడికెల్లి చూస్తున్న. చలి అంటి. రైలు అంటి. ఇంకెట్ల అందియ్యాలె మీకు?"

"మీకు ముందే తెలుసా?"

"అభిజిత్ ఎప్పుడో చెప్పిండు. నాకేం బాధ లేదు. కని నా అంతట నేను సరే అంటె లక్ష్మి నన్ను ఇంట్ల ఉండనిస్తదా? అదే ఆడపిల్ల తండ్రి నోరు దెరిచి అడిగిండు, మర్యాదకు కాదనలేకపోయిన అంటె, ఆమె గుడ ఏమనలేదు. మీరేమొ అడగకపోతిరి. అడగంది ఎట్లియ్యాలె?"

చలపతి నిమ్మకాయను తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బావగారూ," అన్నాడు మళ్ళీ కిషన్‌రావు, గొంతు తగ్గించి. "నా తువ్వాల బయట మీ పక్కన్నే ఆరేసిన. జర అందిస్తరా?"

చలపతి తువ్వాలు తీసుకుని మెట్లెక్కి, తలుపు తోసి, వెనక్కి తిరిగి, వీపు తొట్టి వైపు పెట్టి నడిచాడు. మంచం కోడుకు ఒకసారి తగిలాడు.

"ఎడమకు... ఇంక జర... ఆ, ఆగుండ్రి."

తువ్వాలు చేతులు మారింది. చలపతి అలాగే తిన్నగా బయటికి నడిచాడు. ఇద్దరిలో ఎవరూ ముందు మీరంటే ముందు మీరనలేదు.

మధ్యాహ్నం కిషన్‌రావు హోటలు ఫోనులో హేస్‌తో మాట్లాడాడు. పక్క కుర్చీలో చలపతి నారింజరసం తాగుతున్నాడు.

"ఏం జెయ్యాలె లక్ష్మీ? అంత పెద్దమనిషి బతిలాడిండు. కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నడు. పిల్లనిచ్చినోళ్ళు అడిగితె ఎట్ల కాదంట?"

కళ్ళు తుడుచుకోవాలేమో అనుకున్నాడు చలపతి. చూసేవాళ్ళెవరూ లేరు గనక మానేసి, రసం పూర్తి చేశాడు.

కిషన్‌రావు ఫోను మీద అరచెయ్యి పెట్టాడు. "అక్కడ గుడి ఉన్నదా అని అడుగుతున్నది."

"ఉందండీ."

"ఉన్నదట," అన్నాడు ఫోనులోకి. చాలాసేపు అవతలి మాటలు విని, రిసీవరు పెట్టేసి, "పోనియ్యుండ్రి, అన్నది," అని తన నారింజరసం అందుకున్నాడు.

సాయంత్రం చలపతి స్నానం వంతు వచ్చింది. నీలం మగ్గులోంచి రోజ్‌మేరీ రెమ్మలు తీయబోయి, మనసు మార్చుకుని అలాగే ఉంచాడు. ఇంగ్లండులో ఇన్నేళ్ళున్నా తొట్టిలో నిలబడి మగ్గుతో పోసుకోవడమే గాని అందులో పడుకున్నది లేదు. నీళ్ళు నింపి, పడుకున్నాడు. చెక్క తలుపులు కొంచెం తెరిచే ఉన్నాయి. కతలీనా చెప్పిన కొండలు నిజంగానే కనిపిస్తున్నాయి. కిరణ్మయికి ఫోన్ చేయాలి. విమలకైతే చెప్పనక్కరలేదు, ఆవిడ ఎప్పుడో అడిగేసి ఉండేది.

కిటికీ కింది నుంచి గొంతు వినిపించింది.

"బావగారూ, అయిందా? వంట వాసన వస్తున్నది."

రోజూ ఈ ప్రశ్నకు చలపతి జవాబు ఒకటే. అయిపోయిందండీ, వచ్చేశా. సబ్బు ఇంకా ఒంటి మీద ఉన్నా సరే.

"ఇంకాస్త సేపు పడుతుంది బావగారూ," అన్నాడు. "మీరు మొదలుపెట్టండి."