చీనీ తోటకు నీళ్లు బంద్

అంజలి శవం చీనీ తోట కంచె పక్కన పడి ఉంది. పసుపుపచ్చ ప్లాస్టిక్ బిందె కొంచెం దూరంగా దొర్లిపోయింది. అడవిపందులు రాకుండా వీరభద్రయ్య తన బత్తాయి తోట చుట్టూ కరెంటు తీగ లాగించాడు. పందులకు పెట్టిన తీగ నీళ్లకొచ్చిన పిల్లను పట్టుకుంది. ఇంటర్ చదువుతున్న పిల్ల.

నేను వ్యవసాయ కూలీల సంఘం మనిషిని. ఉపాధి పని దగ్గర కూలీలకు నీడ లేదని మాట్లాడటానికి ఆ పొద్దున కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో నల్లగుండ్లపల్లికి వచ్చాను. వచ్చేసరికి ఎస్సీ కాలనీ మొత్తం తోట దగ్గరే ఉంది. ఆ తర్వాత జరిగినదంతా కళ్లారా చూశాను.

పోలీసు జీపు ఆగింది. ఎస్సై దిగుతూనే అడిగాడు.

"ఈ ఊరి సర్పంచ్ ఎవరప్పా?"

"నేనే సార్" అన్నాడు వీరభద్రయ్య.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అదే నా ఒళ్లు మండించింది. ఆ ఊరి సర్పంచ్ ఓబమ్మ. సీటు ఎస్సీ మహిళకు రిజర్వ్ అయినప్పుడు, తన చేనులో కలుపు తీస్తున్న ఓబమ్మను పిలిపించి వీరభద్రయ్యే నామినేషన్ వేయించాడు. ఆమె గెలిచిన రోజు పూలదండ అతని మెడలో పడింది. కుర్చీలో అతనే కూర్చున్నాడు. మీటింగు ఉన్నరోజు ఓబమ్మ పంచాయతీ ఆఫీసు గడప బయట, చెప్పులు విడిచే చోట కూర్చునేది.

ఇప్పుడా ఓబమ్మ, తన తమ్ముడి కూతురు అంజలి తల ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చుని ఉంది.

"ఏం జరిగింది?" అన్నాడు ఎస్సై.

"చీనీకాయల దొంగతనానికి వచ్చినట్టుండాది సార్. యాడో తీగ తెగి పడింటాది, తొక్కినట్టుండాది. పాపం, చిన్నపిల్ల." వీరభద్రయ్య ఓబమ్మ వైపు తిరిగాడు. "ఏమే ఓబీ, అంతే కదా? చెప్పు సారుకి."

ఓబమ్మ తలెత్తింది.

"దొంగతనానికి పోయేది బిందె ఎత్తుకొని పోతాదా సామీ?"

అతను రెండడుగులు ముందుకు వేసి ఆమె చెంప మీద కొట్టాడు. పోలీసుల ముందే, పిల్ల శవం ఆమె ఒళ్లో ఉండగానే కొట్టాడు. ఎస్సై జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు.

ఓబమ్మ చెంప తడుముకోలేదు. అతన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు అర్థమయ్యుంటే వీరభద్రయ్య ఆ రోజే ఊరు విడిచి పోయేవాడు.

కాలనీ కుళాయిల్లో నీళ్లు రాక చాలా రోజులైంది. వీరభద్రయ్య సొంత బోర్లన్నీ ఎండిపోయాయి. పంచాయతీ బోరు నుంచి దొంగ పైపు వేసుకుని తన చీనీ చెట్లను బతికించుకుంటున్నాడు. ఊరికి రావాల్సిన నీళ్లు తోటకు పోతున్నాయి కాబట్టే అంజలి బిందె పట్టుకుని తోట దగ్గరికి వెళ్లింది.

అంజలి చిన్నదినం కర్మ ముగిసిన మరుసటి రోజు ఓబమ్మ ఇంటి ముందు ఆడవాళ్లంతా చేరారు. కాలనీ వాళ్లే కాదు, గొర్రెలు కాసే కురుబ గంగక్క వచ్చింది. ఆమె వార్డు మెంబరు. మగ్గం నేసే ఇంటి కోడలు చౌడేశ్వరి వచ్చింది. ఆమె ఉపసర్పంచ్. అంటే కాగితం మీద ఉపసర్పంచ్. ఆమె బదులు మీటింగుల్లో కూర్చునేది మొగుడు దివాకర్. వీరభద్రయ్య మాట జవదాటనివాడు.

"కలెక్టరుకు అర్జీ పెడదాం" అన్నాను నేను.

గంగక్క ఎగిరిపడింది. "పెట్టు పద్మక్కా, పెట్టు. తీగ తగిలి నా గొర్రెలు సచ్చినప్పుడు నేనూ పెట్టినా. ఈ పొద్దుకీ జవాబు లేదు."

"అయితే పంచాయతీలోనే తీర్మానం చేయండి. మెంబర్లలో ఎక్కువమంది మీరే కదా? బోరు పంచాయతీది. పైపు తీసేయమని చెప్పే హక్కు మీది."

"మేం మెంబర్లా? మా మొగుళ్లు మెంబర్లు" అంది చౌడేశ్వరి తల వంచుకుని.

ఓబమ్మ అప్పుడు నోరు తెరిచింది. "కేసు పెట్టించేది మీరు సూడండి. నాకు మాత్రం ముందు వాని తోట ఎండాల. ఒక్కో చెట్టూ ఎండాల. అది నేను కండ్లతో సూడాల."

అందరూ ఉలిక్కిపడ్డారు. ఒక్కో వాన చినుకుకూ మొక్కే సీమ అది. ఆ నేల మీద పచ్చని చెట్టును ఎండబెడతాననడం చిన్న మాట కాదు.

"చెట్టేం పాపం జేసింది ఓబమ్మా?" అంది గంగక్క.

"ఆ చెట్లు తాగింది మన నీళ్లక్కా. అంజలి తాగాల్సిన నీళ్లు. వానికి మనమంటే నొప్పి లేదు, ఆ చెట్లంటేనే నొప్పి. మల్ల ఆడే కొట్టాల."

గంగక్క కొంగు బిగించి లేచింది. "సరే. ఎండనీ."

మీటింగు రోజు పంచాయతీ ఆఫీసులో కుర్చీలన్నీ మొగుళ్లతో నిండి ఉన్నాయి. ఆడవాళ్లు గడప దాటి లోపలికి వచ్చారు. వెనక కాలనీ అంతా వచ్చింది. కిటికీల నిండా తలలే.

"యాడికి వచ్చినావే?" దివాకర్ పెళ్లాం మీద అరిచాడు. "ఇంటికి పో. పొయ్యి మీద ఎసరు పెట్టు."

చౌడేశ్వరి తల వంచుకునే ఉంది. అయినా కదల్లేదు.

"నీకు ఓటు ఎవురేసినారు?" అంది.

"ఏమన్నావ్?"

"మన వార్డులో నీకు ఓటేసినోడు ఎవురన్నా ఉంటే చెయ్యెత్తమను. ఇప్పుడే పోతా."

కిటికీల్లోంచి కేకలు, ఈలలు. "లెయ్ దివాకరూ!" "మొగోళ్లంతా లెయ్యండప్పా!" గంగక్క తన మొగుడి భుజం మీది తువ్వాలు లాగి బయటికి విసిరేసింది. అతను దానివెంట పోయాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. దివాకర్ అందరికన్నా చివర, తిట్టుకుంటూ పోయాడు.

సర్పంచ్ కుర్చీలో వీరభద్రయ్య మాత్రం కదల్లేదు. ఓబమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది.

"వీరభద్రయ్యా, లెయ్."

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అతని మొహం నల్లబడింది. "నిన్ను సర్పంచిని జేసింది ఎవురే?"

"నువ్వే. ఎందుకు జేసినానా అని ఇంగ రోజూ ఏడుస్తావు."

ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఎవరూ అతని మీద చెయ్యి వేయలేదు. ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు, అంతే. అతను లేచాడు. చెప్పుల గుట్టలో తన చెప్పులు వెతుక్కుంటుంటే కాలనీ ముసలమ్మలు పళ్లు లేని నోళ్లతో నవ్వారు.

సెక్రటరీ తీర్మానం రాశాడు. పంచాయతీ బోరు నుంచి చీనీ తోటకు పోయే పైపును వెంటనే తీసేయాలి. ఓబమ్మ సంతకం చేసి గడ్డపార అందుకుంది.

ఊరు ఊరంతా బోరు దగ్గరికి నడిచింది. వీరభద్రయ్య మనుషులు కర్రలతో అడ్డం వచ్చారు. ఒక కర్ర గంగక్క నుదుటి మీద పడింది. నెత్తురు చూసిన ఆడవాళ్లు ఇక ఆగలేదు. కర్రలు చేతులు మారాయి. కొట్టడానికి వచ్చినవాళ్లు వేరుశనగ చేలకు అడ్డం పడి పరుగెత్తారు. ఓబమ్మ గడ్డపారతో పైపు పగలగొట్టింది. నీళ్లు పైకి ఎగజిమ్మి అందరి మొహాలనూ తడిపాయి. అంజలి తల్లి ఆ నీళ్లలో కూలబడి, అప్పుడు, అన్ని రోజుల తర్వాత, గొంతెత్తి ఏడ్చింది.

"తోటకు నిప్పు పెడదాం" అని ఎవరో అరిచారు.

"వద్దు" అంది ఓబమ్మ. "నిప్పు పెడితే ఒక్క పూటలో అయిపోతాది. మెల్లగా ఎండాల. వాడు సూస్తా ఉండాల."

అలాగే ఎండింది. ముందు ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి. పిందెలు రాలాయి. వీరభద్రయ్య ట్యాంకర్లు తెప్పిస్తే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. డ్రైవర్లు వాళ్లను చూసి బండ్లు వెనక్కి తిప్పారు. ఉపాధి పనికి పోయే కూలీలు చుట్టుదారి అయినా తోట పక్కనుంచే పోయేవాళ్లు. ఒక్క నిమిషం ఆగి, చెట్లను చూసి, మాట్లాడకుండా కదిలేవాళ్లు. చివరికి వీరభద్రయ్య పెద్దమనుషుల్ని రాయబారానికి పంపాడు.

"కరెంటు తీగ నేనే పెట్టించినా అని పోలీసుల కాడ చెప్పమనండి. ఆ పొద్దే నీళ్లు ఇడుస్తా" అంది ఓబమ్మ.

అతను చెప్పలేదు. బదులుగా జీపు వచ్చింది. ఆస్తి ధ్వంసం, దౌర్జన్యం, ఇంకా ఏవేవో సెక్షన్లు. పైనుంచి సస్పెన్షన్ ఉత్తర్వు కూడా తెచ్చారు. పిల్లను చంపినవాడి మీద కేసు లేదు. పైపు పగలగొట్టినదాని చేతికి బేడీలు. ఉపాధి పని మధ్యలోంచి వచ్చిన ఆడవాళ్లు పారలతో జీపును చుట్టుముట్టారు.

"దారి ఇడండి" అంది ఓబమ్మ జీపులోంచి. "నేనొక్కదాన్ని పోతే పని ఆగిపోతాదా? చౌడేశ్వరీ, నీళ్లు మాత్రం ఇడిసేవు, జాగర్త."

సర్పంచ్ బాధ్యతలు ఇక ఉపసర్పంచ్‌వి. దివాకర్ ఆ రోజు కొత్త తెల్లచొక్కా తొడుక్కున్నాడు. వీరభద్రయ్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించాడు. తోటకు మళ్లీ నీళ్లొస్తాయని ఇద్దరూ అనుకున్నారు.

మండల సమావేశానికి దివాకర్ భార్యను బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. ఆమెను వరండాలో దింపి లోపలికి పోయాడు. వరండా నిండా ఆడవాళ్లే. ఊరూరి మహిళా సర్పంచులు టిఫిన్ బాక్సులు పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. వాళ్ల మొగుళ్లు లోపల ఫ్యాన్ల కింద ఉన్నారు. ముందు వరసలో వీరభద్రయ్య. గంగక్కా, నేనూ, కాలనీ ఆడవాళ్లూ ఆటోల్లో చేరుకునేసరికి చౌడేశ్వరి వాళ్ల మధ్య నిలబడి మాట్లాడుతోంది.

"మా ఊర్లో పిల్ల సచ్చింది. సర్పంచ్ ఎవురంటే చంపినోడే నేను అన్నాడు. నిజమైన సర్పంచి ఈ పొద్దు జైల్లో ఉండాది. మీ ఊరి నీళ్లు యాడికి పోతాండాయో మీకు తెలుసా? మీ పేరు మీద లోపల ఏం చెప్తాండారో మీకు ఇనబడతాండాదా?"

ఒక నడివయసు సర్పంచి లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "పదమ్మా" అంది. వరండా మొత్తం లేచింది.

లోపల గగ్గోలు. కుర్చీలు పడ్డాయి. "ఇది పద్ధతి కాదమ్మా, మీ అంశం ఎజెండాలో లేదు" అని ఎంపీడీవో అరుస్తున్నాడు.

"రాసుకోండి సార్" అంది చౌడేశ్వరి తల ఎత్తి. "ఓబమ్మను ఇడిపించల్ల. అంజలిని చంపినోన్ని పట్టుకోవల్ల. అవి రెండే ఈ పొద్దు ఎజెండా. మొగుళ్లంతా బయటికి నడవండి."

దివాకర్ ఏదో అనబోయాడు. ఆమె అతని వైపు చూడనైనా లేదు. తెల్లచొక్కాలన్నీ గుంపుగా గుమ్మంలోకి తోసుకుపోయాయి. వాటితోపాటు వీరభద్రయ్య కూడా లేచాడు.

గంగక్క తలుపు మూసి గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఆమె నుదుటి మీద కర్ర దెబ్బ మచ్చ ఇంకా పోలేదు.

"నువ్వు యాడికప్పా?" అంది చౌడేశ్వరి. "నువ్వు కూచో. పోలీసులు ఈడికే వస్తారు."