దెబ్బకీ దెబ్బకీ మధ్య

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. సాయంత్రాలు డ్రమ్స్ వాయిస్తుంది. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. అదే బృందంలో బేస్ గిటార్ అతనిది. పెళ్ళికి ముందు నుంచీ కలిసి వాయిస్తున్నవాళ్ళు కాబట్టి ఇంట్లో వచ్చే తగాదాల్లో సగం తాళం గురించే.

ఈసారి తగాదా పెట్టింది కీబోర్డు మాస్టారు. బృందాన్ని నడిపేది ఆయనే. కళాభవనంలో కచేరీ దగ్గర పడుతోంది. ఆఖర్న వాయించాల్సిన పాట బాగా వేగంగా సాగేది. ఎన్నిసార్లు సాధన చేసినా ఆయన ముఖం విప్పారలేదు.

"కింద అంతా బురదబురదగా ఉందమ్మా. డ్రమ్మూ బేసూ కలిసి పడటం లేదు. వెనకబడుతున్నది ఎవరో మీరే తేల్చుకోండి" అని చెప్పి, ఆ రోజు సాధన రికార్డింగు ఇద్దరి ఫోన్లకూ పంపించారు.

ఆమెకు తన కాలి మీద గట్టి నమ్మకం. పెద్ద డ్రమ్మును తొక్కే పెడల్ ఎప్పుడు దిగాలో తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ మాటే భర్తతో అంది. అతను మాత్రం ఎవరిదైతేనేం, ఇంకో నాలుగుసార్లు వాయిస్తే అదే కుదురుకుంటుందని దాటవేశాడు. ఆమెకు దాటవేతలు పడవు. ఫోన్లో విని చూసింది. డ్రమ్ము టిక్కుటిక్కుమంటోంది తప్ప బేస్ గిటార్ కింది స్వరాలు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. సరే, కారులో విందామని వెళ్ళి కూర్చుంది.

కారు డిక్కీలో తమ్ముడు పెట్టిన సబ్‌వూఫర్, అంటే బేస్ చప్పుళ్ళ కోసమే ఉండే పెద్ద స్పీకరు ఉంది. కార్లకు స్పీకర్లు, సీటు కవర్లు బిగించే దుకాణంలో వాడి ఉద్యోగం. డిక్కీ నిండేంత చెక్కపెట్టె తన చేత్తో కోసి, నల్ల గుడ్డ అతికించి, అక్క పుట్టినరోజుకు బిగించి ఇచ్చాడు. పాట పెడితే వెనక అద్దం వణికేది, ఎదురింటి కిటికీ వణికేది, చేతిలో టీ కూడా వణికేది. ఆ పెట్టె అంటే వాడికి పంచప్రాణాలు. అందులో ఇప్పుడు సాధన పాట పెడితే ఆమెకు వినపడింది ఒకటే హోరు. ఒక దెబ్బ చప్పుడు ఆరకముందే రెండోది దాని మీద పడి, రెండింటి మీదా గిటార్ స్వరం పరుచుకుని, ఏది ఎక్కడ మొదలైందో ఏది ఎక్కడ ముగిసిందో పట్టు చిక్కలేదు. ఇది తేలాలంటే ముందు ఈ కారు బాగుపడాలని ఆమె నిశ్చయించుకుంది. తమ్ముడికి ఫోన్ చేసింది.

"గుండె అదిరిందా లేదా, అక్కా?" అన్నాడు వాడు మురిపెంగా.

"అదిరింది. ఆ అదురు ఎప్పుడు ఆగుతుందో అది చెప్పు."

ఆదివారం పొద్దున్నే వాడు పనిముట్ల సంచీతో వచ్చాడు. ఆంప్లిఫయర్ మీద బేస్ పెంచే మీటను వాడే చివరికంటా తిప్పి ఉంచాడు. ఆమె దాన్ని పూర్తిగా తగ్గింపజేసింది. హోరు కొంచెం పలచబడింది. తర్వాత డిక్కీ మూత మీద చెయ్యి ఆనించి వింటే, బేసులో కలిసిపోయిన గలగల బయటపడింది. నంబర్ ప్లేటు రేకు, జాకీ, పానాలు అన్నీ తలో తాళం వేస్తున్నాయి. ప్లేటు వెనక మెత్తటి స్పాంజి అతికించి, పానాలను గుడ్డలో చుట్టింది. ఆంప్లిఫయర్ పక్కన చిన్న స్విచ్చు ఒకటి కనిపిస్తే అదేమిటని అడిగింది. వూఫర్ గాలిని ముందుకు తోసేటప్పుడు తలుపుల్లోని స్పీకర్లు వెనక్కి లాగుతుంటే ఒకదాని చప్పుడును ఒకటి చంపుకుంటాయని, అలా జరగకుండా తిరగేసే స్విచ్చని తమ్ముడు చెప్పాడు. మరి తిరగేసి చూశావా అంటే లేదన్నాడు. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది, వాడు స్విచ్చు నొక్కాడు. ఇంతసేపూ వీపు వెనక ఎక్కడో దొర్లుతున్న దెబ్బ ఒక్కసారిగా ముందుకు వచ్చి నిలబడింది.

అయినా దాని తోక తెగలేదు. దెబ్బ పడ్డాక ఊ... అంటూ సాగుతూనే ఉంది. ఆమె దిగి వెళ్ళి పెట్టె ముందు గొంతుక్కూర్చుంది. పెట్టెకు పక్కన పిడికిలి పట్టేంత రంధ్రం, లోపల గొట్టం ఉన్నాయి.

"ఇది దేనికి?"

"అదే కదక్కా అసలు సంగతి! లోపలి గాలి అందులోంచి ఊగుతూ సౌండ్ పెంచుతుంది."

"ఊగేది తొందరగా ఆగదు కదా. మూసేయ్."

ఊరికే మూస్తే లాభం లేదని వాడు ఒప్పుకోక తప్పింది కాదు. ఈ పెట్టె మరీ పెద్దది. రంధ్రం లేని చిన్న పెట్టె అయితే లోపల బందీ అయిన గాలి స్ప్రింగులా పనిచేసి, ముందుకు వెళ్ళిన వూఫర్‌ను వెంటనే వెనక్కి లాగుతుంది. కానీ సౌండ్ తగ్గిపోతుంది.

"తగ్గనీ" అంది.

"అయితే నా పెట్టెను కోసేస్తావా?" అన్నాడు, కాలు కోసేస్తావా అన్నట్టు.

"నేనెందుకు కోస్తాను? నువ్వే కోస్తావు. రంపం తెచ్చావుగా."

భర్త టీ గ్లాసులతో బయటికి వచ్చాడు. బావమరిది ముఖం చూసి నవ్వాడు. "మీ అక్క పట్టు పట్టిందంటే నిన్ను కూడా మడిచి ఆ పెట్టెలో పెట్టేస్తుంది, జాగ్రత్త" అన్నాడు. తర్వాత భార్యతో, ఇంత రాద్ధాంతం అవసరమా, ఉన్నదాంతో సరిపెట్టుకోవచ్చుగా అన్నాడు. ఎందుకు వద్దంటున్నారని ఆమె నిలదీస్తే టీ చల్లారిపోతోందంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు మొదట అయిష్టంగానే కోశాడు. మధ్యాహ్నానికి వాడికే పౌరుషం వచ్చింది. అదే చెక్కతో చిన్న పెట్టె బిగించి, లోపల అడ్డంగా ఒక బద్ద వేసి, గోడలు కంపించకుండా చేశాడు. పాత దిండు చింపి అందులోని దూదిలాంటి పీచు వదులుగా నింపారు. వూఫర్ బిగించి పాట పెడితే ప్రతి దెబ్బకీ ఫుస్సుమని చప్పుడు. వాడు చేతులెత్తేశాడు. ఆమె మాత్రం వేళ్ళు తడిచేసుకుని అంచుల వెంట మెల్లగా జరుపుతూ పోయింది. వైరు లోపలికి వెళ్ళేచోట వేలికి చల్లగా గాలి తగిలింది. మళ్ళీ విప్పి, ఆ సందులోనూ మూలమూలనా సిలికాన్ జిగురు పూసి, ఆరడానికి వదిలేశారు.

మర్నాడు ఆమె దుకాణం నుంచి వచ్చేసరికి తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు. డ్యూటీ మధ్యలో వచ్చేశానని చెప్పి పెట్టెను డిక్కీలో పెట్టాడు. పాట మొదలైంది. దెబ్బ పడింది, ఆగింది. మళ్ళీ పడింది, ఆగింది. మధ్యలో నిశ్శబ్దం శుభ్రంగా ఉంది.

"సౌండ్ తక్కువే అక్కా" అన్నాడు వాడు. "కానీ గుండె మీద వేలితో పొడిచి చెప్పినట్టుంది."

ఆమె సాధన రికార్డింగు పెట్టింది. మొదటి చరణం అయ్యేలోపే ఆమె ముఖం మారింది. కీబోర్డు పడ్డాక, వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది డ్రమ్ము. తన డ్రమ్మే. వెనక్కి జరిపి మళ్ళీ వింది. సందేహం లేదు. అంతకన్నా వింత ఇంకొకటి వినపడింది. డ్రమ్ములు ఆగి, గిటారూ కీబోర్డూ మాత్రమే సాగే చోట భర్త స్వరాలు కీబోర్డుతో అతికినట్టు పడుతున్నాయి. డ్రమ్ము మొదలవగానే అవి కూడా వెనక్కి జరుగుతున్నాయి. ఒక్కోసారి ఆమెను అందుకుంటున్నాయి, ఒక్కోసారి తప్పుతున్నాయి. మాస్టారు బురద అన్నది దీన్నే.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. భర్త వంకాయలు తరుగుతున్నాడు.

"ఆలస్యం నాదే" అంది.

అతను ఇంకో వంకాయ అందుకున్నాడు.

"మీకు ముందే తెలుసు."

"తెలుసు. నీతో పాటు నేనూ వెనక్కి జరిగితే ఎవరికీ తెలియదనుకున్నా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

ఆమెకు కోపం వచ్చింది. దాన్ని దిగమింగి చెప్పింది.

"ఇకమీదట నా కోసం ఆగకండి. మీరు ఉండాల్సిన చోట ఉండండి. నేను వస్తాను."

ఆ వారమంతా ఇంట్లో అదే పని. పాటను నత్తనడకకు దించి, రోజూ కాస్త కాస్త పెంచుతూ వాయించింది. కాలు మరీ ఎత్తుగా లేపుతోందని, దిగి వచ్చేలోపే సమయం దాటిపోతోందని తెలుసుకుని స్టూలు ఎత్తు పెంచింది. పిక్క నొప్పెడితే కాపడం పెట్టుకుంది. అతనికి మాత్రం పాత అలవాటు పోలేదు. భార్య తడబడితే చేతివేళ్ళు వాటంతట అవే ఆగిపోయేవి. "ఆగారు" అనేది ఆమె తల తిప్పకుండా. మళ్ళీ మొదటినుంచి వాయించేవారు. రికార్డు చేసింది కారులో విని వచ్చేవారు.

కచేరీలో తమ్ముడు ముందు వరుసలో కూర్చున్నాడు. ఆఖరి పాట రెండో చరణంలో ఆమె కాలు ఒకచోట జారింది. భర్త ఆగలేదు. చూపు కూడా ఇటు తిప్పలేదు. ఆమె పళ్ళు బిగించి తర్వాతి ఆవర్తనంలో అతన్ని అందుకుంది, చివరిదాకా వదల్లేదు. వేదిక దిగాక మాస్టారు, వచ్చేసారి ఈ పాటతోనే మొదలుపెడదామన్నారు.

మర్నాడు పొద్దున కారు తలుపులు తెరిచి పెట్టి, ఆమె కచేరీ రికార్డింగు విన్నది. జారిన చోటు రాగానే ఆపింది. వరండాలో పేపరు చదువుతున్న భర్తను గిటార్ తీసుకురమ్మంది.